పైకి తేలితే ఉడికినట్టేనా?

"పది నిమిషాల్లో అసలైన చైనీస్ డంప్లింగ్ సూప్" అనే మెసేజ్ మళ్లీ ప్రతి గ్రూపులోనూ తిరుగుతోంది. పంపుతున్నవాళ్లంతా నాకు బాగా కావాల్సినవాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను. అందులో ఆరు సూత్రాలున్నాయి: పిండిలో వంటసోడా కలపాలట, సూప్‌ని కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరచాలట, డంప్లింగ్స్‌ని, అంటే ఖీమా కూరిన పిండి పొట్లాల్ని, ఆ సూప్‌లోనే ఉడికించాలట, అజినోమోటో విషం కాబట్టి ముట్టుకోకూడదట, ఎముకల స్టాక్ అక్కర్లేదట. చివరిది, "పైకి తేలగానే ఉడికినట్టే, వెంటనే పిల్లలకు పెట్టెయ్యండి" అని.

సోడా అక్కర్లేదు. నీళ్లలో ఉడికించే డంప్లింగ్‌కి మైదా, చన్నీళ్లు, చిటికెడు ఉప్పు చాలు. తూకంలో పిండికి సగం నీళ్లు పోసి గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట వదిలేస్తే పిండి తనంతట తానే మెత్తబడుతుంది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ వైపు వాంటన్ (పల్చటి పొరతో చేసే సూప్ డంప్లింగ్) పొరల్లో గుడ్డుతోపాటు క్షారపు నీళ్లు వాడే పద్ధతి ఉంది. అది వేరే పొర, దాని పని వేరు.

కార్న్‌ఫ్లోర్ కూడా వద్దు. చైనాలో చిక్కటి సూప్‌లు లేవని కాదు గానీ, ఇళ్లలో చేసుకునే వాంటన్ సూప్ గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. ఇది మాంచౌ సూప్ కాదు. డంప్లింగ్స్‌ని విడిగా నీళ్లలో ఉడికించేది కూడా అందుకే. పొరలకు అంటుకున్న పొడిపిండి అంతా ఆ నీళ్లలోనే పోతుంది, సూప్ కలక బారదు.

అజినోమోటో సంగతి. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెదా కొంబు అనే సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్‌ని వేరు చేశాడు. అజినోమోటో అంటే ఆ గ్లూటమేట్‌తో చేసిన ఉప్పే. 1968లో ఒక వైద్య పత్రికకు వచ్చిన ఒక ఉత్తరం దగ్గర మొదలైంది ఈ భయమంతా. అజినోమోటో వద్దన్న మెసేజే ఆ పక్క లైన్‌లో రెండు చెంచాల సోయా సాస్ పొయ్యమంటోంది. సోయా సాస్‌కి ఆ రుచి ఇచ్చేది ఈ గ్లూటమేటే కదా! వేసుకోవాలో వద్దో మీ ఇష్టం, విషమని మాత్రం ప్రచారం చెయ్యకండి.

ఇక అసలు విషయానికి వస్తాను. డంప్లింగ్ ఎందుకు తేలుతుంది? లోపల చిక్కుకున్న గాలి, ఆవిరి వేడికి పొంగుతాయి కాబట్టి. లోపలి మాంసం ఉడికిందని దానర్థం కాదు. మన బూరెని కాస్త ముందే తీసినా ప్రమాదం లేదు, ఎందుకంటే పూర్ణం ముందే ఉడికి ఉంటుంది. డంప్లింగ్‌లో ఉన్నది పచ్చి ఖీమా. షాంఘైలో గోరంత మాంసం పూసి, పల్చటి పొరతో చేసే చిన్న వాంటన్‌లకైతే తేలడం దాదాపు సరిపోతుంది. కానీ మెసేజ్‌లోని ఫొటో చూడండి. చెంచా నిండా చికెన్ కూరిన, మందపాటి పొరల జియావ్‌జీలు (ఉత్తర చైనా తరహా డంప్లింగ్స్) అవి. వాటికి ఆ లెక్క ఎలా సరిపోతుంది?

ఉత్తర చైనా ఇళ్లలో దీనికి పద్ధతి ఉంది. డంప్లింగ్స్ వేశాక నీళ్లు తెర్లగానే ఒక గ్లాసు చన్నీళ్లు పోస్తారు. మళ్లీ తెర్లాక మళ్లీ పోస్తారు. మాంసం కూరినవైతే ఇలా మూడుసార్లు. మరుగు ఉధృతి తగ్గి పొర చిట్లదు, లోపలికి వేడి చేరే వ్యవధి దొరుకుతుంది. అన్ని కోట్ల ఇళ్లలో అమ్మలూ నాయనమ్మలూ పొయ్యి దగ్గర నిలబడి ఆ మూడు గ్లాసులు ఊరికే పోస్తున్నారా? ఫ్రీజర్‌లోంచి తీసినవైతే ఇంకాస్త సేపు పడుతుంది, నడిమధ్యలో మంచు ఉంటుంది కాబట్టి. వంట థర్మామీటర్ ఉంటే చికెన్‌కి మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. లేకపోతే అన్నిటికంటే పెద్దదాన్ని తీసి సగానికి కొయ్యండి. లోపల ఖీమా ఇంకా జిగురుగా, మెరుస్తూ ఉంటే మిగతావి దించొద్దు. పసిపిల్లలకు పెట్టే తిండి గురించి "తేలితే చాలు" అని రాసేముందు ఒక్కటంటే ఒక్కటి కోసి చూసుకోవద్దా? పోనీ, పంపేవాళ్లయినా?

స్టాక్ అక్కర్లేదన్న మాట మాత్రం నిజం. ఆ మెసేజ్‌లో ఒప్పుకోదగ్గది అదొక్కటే, అదీ మంచి మాట. గంటల తరబడి ఎముకలు ఉడికించడం దుకాణాల పని. షాంఘై ఇళ్లలో చాలామంది గిన్నెలోనే సూప్ చేసేస్తారు. సోయా సాస్, కాస్త పంది కొవ్వు, ఎండు సముద్రపు నాచు తుంపులు, గుప్పెడు ఎండు రొయ్యపొట్టు, ఉల్లికాడలు, తెల్ల మిరియాల పొడి వేసి, పైన మరిగే నీళ్లు పోస్తారు, అంతే. రొయ్యపొట్టు మన కోస్తా సంతల్లో దొరికేదే వాడొచ్చు, ఇసుక లేకుండా కడిగితే చాలు. నువ్వుల నూనె మాత్రం వేయించిన నువ్వులతో తీసిందే తెచ్చుకోండి, మన పప్పునూనెకి ఆ వాసన రాదు. గిన్నెకి అర చెంచా, అదీ దించాకే.