1400 దగ్గరే ఎందుకు ఇరుక్కుపోయాం?

ఆన్‌లైన్‌లో చెస్ ఆడేవాణ్ణి ఎవర్నైనా కదిపి చూడండి, ముందు రేటింగ్ (ఆటలో మన బలాన్ని చూపే అంకె) చెబుతాడు, ఆ వెంటనే "నాది అటాకింగ్ స్టైల్" అంటాడు. 1400 రేటింగ్ దగ్గరే ఇరుక్కుపోయి నేనూ నాలుగేళ్లుగా అదే చెప్పుకు తిరిగాను. 2020 లాక్‌డౌన్‌లో పట్టుకున్న పిచ్చి ఇది, అన్నం చల్లారిపోతున్నా "ఇదొక్కటి అయిపోనీ" అనే రకం. మొన్నామధ్య ఓ ఆదివారం ఓడిపోయిన ఆటలన్నీ వరసగా తిరగేస్తే నా స్టైల్ సంగతి తేలిపోయింది.

తెల్లపావులు వస్తే నా దాడి ఇలా ఉంటుంది. రాజు ముందు బంటు రెండు గళ్లు, గుర్రం బయటికి, బిషప్ సీ4కి (సీ4, జీ5 లాంటివి బోర్డు మీద గళ్ల పేర్లు), ఆ తర్వాత గుర్రాన్ని జీ5కి దూకించి ఎఫ్7 మీద గురి. ఆ బంటుకు రాజు తప్ప వేరే కాపలా ఉండదు కాబట్టి ఎదుటివాడు కంగారు పడ్డాడంటే ఇరవై ఎత్తుల్లోపే పని అయిపోతుంది. అలా కాకుండా వాడు తాపీగా డీ5కి బంటు తోసి, నేను దాన్ని కొట్టాక గుర్రాన్ని ఏ5కి పంపి నా బిషప్‌ను తరిమాడనుకోండి, బోర్డు మీద నాకో బంటు ఎక్కువ ఉంటుంది, బుర్రలో మాత్రం ఏమీ ఉండదు. అక్కడి నుంచి సొంతంగా ఆలోచించాలి మరి. ఓడిన ఆటల్లో చాలావరకు సరిగ్గా ఆ మలుపులోనే చెడ్డాయి. తెలిసిన నాలుగు ఎత్తులు దాటి బయటికి రాలేకపోవడానికి స్టైల్ అని ముద్దుపేరు పెట్టుకున్నాను, అంతే. అర్జున్ ఇరిగేశి దూకుడుగా ఆడతాడు, నిజమే, 2024 డిసెంబరులో ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఇచ్చిన రేటింగ్ జాబితాలో 2800 దాటాడు కూడా. కానీ మన వరంగల్ కుర్రాడు దాడి కుదరకపోతే గంటల తరబడి ఎండ్‌గేమ్ (పావులు తగ్గాక మిగిలే చివరి దశ) లాగి గెలవగలడు, మనం రిజైన్ కొట్టి ఇంకో ఆట మొదలుపెడతాం.

ఇక ప్రోగ్రెస్. కొత్త అకౌంట్‌లో మొదటి వారమే 200 పాయింట్లు పెరిగాయని మురిసిపోవద్దు. లీచెస్ అనే చెస్ సైట్ అందర్నీ 1500 దగ్గర నిలబెట్టి, వీడి అసలు స్థాయి ఏమిటో తెలియక పెద్ద పెద్ద అంగలతో వెతుకుతుంది, రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం గుర్తు కనిపించేది అందుకే. ఆటలు పెరిగేకొద్దీ ఆ అంగలు చిన్నవై ఒక్కో ఆటకు నాలుగైదు పాయింట్లకు దిగుతాయి, అప్పుడు మనకు ఎదుగుదల ఆగిపోయిందన్న దిగులు మొదలవుతుంది. ఇంకో తిరకాసుంది. మనం బాగుపడితే ఎదురొచ్చేవాళ్లూ ఆ మేరకు గట్టివాళ్లే వస్తారు, అంచేత 1200లో ఉన్నా 1800లో ఉన్నా ఇంచుమించు సగం ఆటలు పోతూనే ఉంటాయి. ఆట మెరుగైనా మనకు తెలియదు. (ఈ సైట్ రేటింగ్‌ను ఆ సైట్ రేటింగ్‌తో పోల్చి కొట్టుకునేవాళ్లకు ఓ దండం.)

నా లెక్కలో అసలు దోషి టైమ్. కోనేరు హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచారు. అక్కడ ర్యాపిడ్ అంటే 15 నిమిషాలు, పైగా ఎత్తుకు 10 సెకన్లు. వాళ్లు దాన్నే వేగంగా ఆడటం అంటారు. మనమేమో మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఆట నేర్చుకుందామని కూర్చుంటాం, చివరికి అలవాటయ్యేది చేసే తప్పునే ఇంకాస్త త్వరగా చేయడం. పజిల్స్ (బోర్డు మీద పావులు పేర్చి సరైన ఎత్తు కనుక్కోమనేవి) మంచివే, కాకపోతే అక్కడ ఏదో ఎత్తు దాగి ఉందని ముందే తెలుసు, అసలు ఆటలో ఆ మాట చెవిలో ఊదేవాడు ఉండడు.

ఓడినవాటికంటే ఎక్కువ మండించినవి డ్రాలు. వాడికి ఒంటరి రాజు, అదీ హెచ్8 మూలలో. నా మంత్రిని తీసుకెళ్లి ఎఫ్7లో పెట్టాను. చెక్ లేదు, కదలడానికి గడి లేదు, స్టేల్‌మేట్, అంటే డ్రా. ఒక్క నెలలో మూడుసార్లు ఇదే. మూలనున్న రాజుకు గుర్రపు అడుగు దూరంలో మంత్రిని పెట్టకూడదని కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించాను.

నిన్న రాత్రి మళ్లీ అదే మూల, అదే ఒంటరి రాజు. మంత్రిని జీ6కి లాగబోయి కాగితం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సరైన గడి ఏదా అని వెతుకుతుండగా టైమ్ అయిపోయింది. ఎదుటివాడి దగ్గర మేట్ చేసే పావులు లేవు కాబట్టి రూలు ప్రకారం డ్రా.