రెండోవాడికి 3.71 చదరపు మీటర్లు చాలు

లండన్‌లో ఒక ఇల్లు కొనుక్కుని, కష్టపడి ఇంకోటి కొని, ఆ రెండోదాన్ని అద్దెకిచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకుందామనుకునే సాధుజీవుల మీద ఇంగ్లండ్‌లో ఎంత దారుణం జరుగుతోందో మనవాళ్లకి ఎవరూ చెప్పడం లేదు. స్టూడెంట్ల కష్టాల మీద వీడియోలు కోకొల్లలు. ఓనరు కన్నీళ్ల మీద ఒక్క రీల్ అయినా చూశారా?

2004లో హౌసింగ్ యాక్ట్ తెచ్చి, అద్దె ఇళ్లకు లైసెన్సు పెట్టే అధికారం స్థానిక కౌన్సిళ్లకి ఇచ్చారు. కాగితాల మీద పడి ఉంటుందిలే అనుకుంటే, 2013 జనవరిలో తూర్పు లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ దేశంలోనే మొదటిసారిగా తన పరిధి (బరో) మొత్తానికీ అమలు చేసేసింది. న్యూహామ్ తెలియకపోయినా అందులో ఉన్న ఈస్ట్ హామ్ తెలుసుగా, మహాలక్ష్మి గుడి, దోసెలు, వీధి నిండా మన పిల్లలు. సరిగ్గా మన కడుపు మీదే కొట్టారు. ఐదేళ్లతో పోయిందా అంటే 2018లో మళ్లీ, 2023లో మళ్లీ.

ఫీజు చూడండి. మొదట్లో తొందరగా అప్లై చేసినవాళ్లకి ఐదేళ్లకు 150 పౌండ్లు, అంటే నెలకు అక్షరాలా రెండున్నర పౌండ్లు! ఈ భారం మోయలేక అద్దె ఓ యాభై పెంచితే తప్పేముంది? మిగతా నలభై ఏడున్నర దేనికని అడిగే కుర్రాడికి మనోవేదన అని ఒక పద్దు ఉంటుందని ఎంబీఏలో ఎవరూ చెప్పినట్టు లేదు.

డబ్బు పోతే పోయింది, పరువో? లైసెన్సు ఇచ్చే ముందు మీరు యోగ్యులా కాదా అని తేలుస్తారట, మోసం, హింస, డ్రగ్స్ లాంటి కేసుల్లో శిక్ష పడిందేమో చూస్తారట. మనలో పెళ్లికొడుకు గురించి కూడా ఇంత ఆరా తీయరు, పేస్లిప్ చూసి ముహూర్తం పెట్టేస్తారు.

అన్నిటికన్నా ఘోరం గది కొలతలు. ముగ్గురు లేదా ఎక్కువమంది, అంతా ఒకే కుటుంబం కానివాళ్లు, వంటిల్లో బాత్రూమో పంచుకుని ఉంటే ఆ ఇల్లు హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్), ఐదుగురు లేదా ఎక్కువైతే దానికి లైసెన్సు తప్పనిసరి. 2018 అక్టోబరు నుంచి అలాంటి ఇళ్ల లైసెన్సుల్లో ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు ఉండాలని రూలు వచ్చింది, అంటే మన లెక్కలో 70 చదరపు అడుగులు. ఇద్దరైతే 10.22 చాలట. కాస్త ఆగి తీసివేత చేయండి: రెండోవాడికి 3.71 చదరపు మీటర్లు సరిపోతాయని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టేగా! ఆ లెక్కే ఇంకాస్త ముందుకు సాగనిస్తే మూడోవాడికీ నాలుగోవాడికీ ఎంత తక్కువ సరిపోతుందో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, అధికారులకు మాత్రం అర్థం కాదు. పైగా సీలింగ్ ఒకటిన్నర మీటర్ల కన్నా కిందికి ఉన్న చోటు లెక్కలోకి రాదట. అటక మీద పరుపు వేసుకున్న కుర్రాడు రాత్రంతా వేర్‌హౌస్‌లో నిలబడే ఉంటాడు కదండీ, ఇంటికొచ్చాక కూడా నిలబడాలా?

మా వాళ్లు చెప్పే వాదన ఒకటుంది, అందులో నిజం లేకపోలేదు. బుద్ధిగా అప్లై చేసినవాడి అడ్రసు కౌన్సిల్ దగ్గర ఉంటుంది కాబట్టి ఫీజులు, తనిఖీలు వాడికే, దొంగ ఓనరు హాయిగా ఉంటాడు అని. (ఇప్పటిదాకా ఇది నాకు చెప్పిన ఓనర్లంతా మంచివాళ్లే, దొంగ ఓనరు ఒక్కడూ తారసపడలేదు.) ఆ దొంగల్ని పట్టడానికి లండన్ పక్కనున్న స్లౌ కౌన్సిల్ 2013లో ఏకంగా విమానం ఎగరేసి, పెరటి షెడ్లలో ఎవరైనా కాపురముంటున్నారేమోనని ఏ షెడ్డు వెచ్చగా ఉందో థర్మల్ కెమెరాతో ఫొటోలు తీయించింది. అంటే పాపం చలికి వణుకుతున్నారని హీటర్ పెట్టించిన దయాళువు దొరికిపోతాడు, పెట్టనివాడు బయటపడతాడు. ఇదీ వాళ్ల న్యాయం.

2017లో 30,000 పౌండ్ల దాకా జరిమానా కూడా వేసుకోవచ్చన్నారు, కోర్టుకి వెళ్లకుండానే. అయినా చట్టంలో మనకోసమే రాసినట్టున్న మంచి ముక్క ఒకటుంది: కజిన్స్, బాబాయిలు, మేనల్లుళ్లు అంతా ఒకే కుటుంబం కింద లెక్క. తెలుగువాళ్లలో ఎవరు ఎవరికి బావ కాదు చెప్పండి? మామూలుగా తనిఖీకి 24 గంటల ముందు చెప్పాలి, ఆలోపు పరుపులు సర్దొచ్చు, పొగ అలారానికి బ్యాటరీ వేయొచ్చు, చుట్టరికాలు కలపొచ్చు. కానీ లైసెన్సు లేదని అనుమానం వస్తే చెప్పకుండానే రావచ్చట. అలా పొద్దున్నే వచ్చి, వరంగల్ బావనీ గుంటూరు బావనీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి తాతగారి పేరు అడిగితే, ఇద్దరి చేతా ఒకే పేరు ప్రాక్టీసు చేయించడానికి టైమెక్కడుంటుంది?