చేపల హక్కే నదికి వకీలు

జూన్ 15 రాత్రి ఇంగ్లండ్ పల్లెల్లో నది ఒడ్డున మడత కుర్చీలేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుంటూ, గడియారం చూసుకుంటూ కొందరు కూర్చుంటారు. సాల్మన్, ట్రౌట్ లెక్క వేరు. మిగతా నది చేపలకు మార్చి 15 నుంచి ఆ రోజు దాకా గాలం నిషేధం. గుడ్లు పెట్టే కాలం కదా! పన్నెండు కొట్టగానే ఎరలు నీళ్లలో పడతాయి.

ఇంతా చేసి, పట్టిన చేపను చాలామంది ఇంటికి తీసుకెళ్లరు. బార్బెల్ అనే నది చేప పడితే తడిపిన చాప మీద పడుకోబెట్టి గాలపు ముల్లు తీస్తారు. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి, నీళ్లలోనే రెండు చేతులతో పట్టుకుంటారు. మొప్పలు ఆడి, సత్తువ వచ్చి, అదే తోక విదిలించుకుని పోయేదాకా వదలరు. పులుసు పెట్టుకోని చేప కోసం ఈ తిప్పలేంటని నాకూ నవ్వొచ్చింది.

అయితే అసలు సంగతి చేపలో లేదు, హక్కులో ఉంది. అక్కడ పారే నీళ్లు ఎవరి సొత్తూ కావు. పట్టుకునే హక్కు మాత్రం ఆస్తే. ఒడ్డు ఎవరిదో, మామూలుగా నది సగం దాకా ఆ హక్కు వారిదే. దాన్ని అమ్ముకోవచ్చు, కౌలుకివ్వొచ్చు. ప్రభుత్వ లైసెన్సు చేతిలో ఉన్నా యజమాని ఒప్పుకోనిదే గాలం వేయకూడదు. హాంప్‌షైర్‌లో టెస్ట్ నది మీద 1822లో పెట్టిన హౌటన్ గాలపు క్లబ్ లాంటి చోట్ల సామాన్యుడికి ప్రవేశం కష్టమే. జమీందారీ వాసన గుప్పున కొట్టే ఏర్పాటిది.

కానీ ఆ హక్కే నది తరఫున కోర్టుకెక్కింది. డర్బీ నగరం గుండా పారే డెర్వెంట్ నదిలోకి బ్రిటిష్ సెలనీస్ ఫ్యాక్టరీ వ్యర్థాలు, డర్బీ కార్పొరేషన్ మురుగు, కరెంటు సంస్థ వేడి నీళ్లు వచ్చిపడేవి. చేపలు చచ్చాయి. డర్బీ గాలపు క్లబ్బూ, ఒడ్డున భూములున్న హారింగ్టన్ ఎర్ల్ అనే ప్రభువూ కలిసి కేసు వేశారు. వాళ్లు పర్యావరణం ఊసెత్తలేదు, మా ఆస్తి పాడైందన్నారు. ఊరు పెరిగిపోయింది, మురుగు ప్లాంటు చాలట్లేదు, మేమేం చేస్తాం అంది కార్పొరేషన్. ఆ వాదన నిలవలేదు. 1952లో ముగ్గురి మీదా ఇంజంక్షన్, అంటే ఆ పని ఆపమనే కోర్టు ఉత్తర్వు, వచ్చింది.

ఇప్పుడు మురుగు బెడద మళ్లీ ముదిరింది. నీళ్లూ మురుగూ చూసుకునే సంస్థలు 1989లో ప్రైవేటుపరమయ్యాయి. 2023లో ఇంగ్లండ్‌లో మురుగు పొంగితే నదుల్లోకి వదిలే ఓవర్‌ఫ్లో గొట్టాల నుంచి మురుగు పారిన సమయమంతా కూడితే దాదాపు 36 లక్షల గంటలు. దీన్ని కనిపెట్టుకుని ఉన్నవాళ్లలోనూ గాలగాళ్లే ముందున్నారు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి మూడు నిమిషాలు అడుగు రాళ్లను కాళ్లతో కదుపుతారు. వలలో పడ్డవి తెల్ల ట్రేలో పోసి, మురికి నీళ్లకు తట్టుకోలేని మేఫ్లై అనే ఈగ పిల్ల పురుగులను లెక్కపెడతారు. సంఖ్య హద్దు కంటే పడిపోతే వెంటనే పర్యావరణ ఏజెన్సీకి కబురు. జీతం లేని కొలువు ఇది.

చిక్కల్లా ఒక్కటే. క్లబ్బూ లేక, చేపల హక్కుకు గిరాకీ కూడా లేని చిన్న వాగు ఊరి వెనక నుంచి పోతుంటే, దాని అడుగు రాళ్లు కదిపి చూసేవాడెవడు?