అప్పన్న కొండకి ఒక్కటే క్యూ చాలు

విశాఖపట్నం వచ్చిన చుట్టాల్ని ఎక్కడికి తీసుకెళ్లాలంటే ఊళ్లోవాళ్లు ముందు రెండు పేర్లు చెబుతారు, బీచ్, సింహాచలం. బీచ్‌కి ఎప్పుడెళ్లినా ఒకటే. సింహాచలం అలా కాదు, ఏ రోజు వెళ్లారన్నదాన్ని బట్టి మీరు చూసే గుడే మారిపోతుంది. పండగలూ సెలవులూ లేని ఓ మంగళవారం పొద్దున్నే వెళ్లండి. కొండ కింద తొలి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మెట్ల దారిలో ఆగి ఆగి ఎక్కి, పైన కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంటున్న ఆడవాళ్లని దాటుకుని లోపలికెళితే, చందనం పూతలో లింగాకారంగా కనిపించే స్వామిని తోపులాట లేకుండా చూసుకుని రావచ్చు. 1098 నాటి చోళుల శాసనం ఉన్న గుడి అది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి నగలు సమర్పించి వెళ్లిన గుడి. తీరిగ్గా నిలబడితే గోడల మీద శాసనాలూ శిల్పాలూ చూడటానికే అరపూట పడుతుంది.

అదే గుడికి అక్షయ తృతీయ నాడు వెళ్లి చూడండి. కాళ్లు నేల మీద ఆనవు.

ఏడాదిలో ఆ ఒక్క రోజే స్వామి నిజరూపం కనిపిస్తుంది, ఆ పండగనే చందనోత్సవం అంటారు. అంతకు కొద్దిరోజుల ముందే గుడిలో బండల మీద గంధపు చెక్కలు అరగదీయడం మొదలుపెడతారు. మిక్సీలో వేసే వ్యవహారం కాదది, చేత్తో అరగదీసి తీసే గంధం. వైశాఖ శుద్ధ తదియ తెల్లవారకముందే వెండి బొరిగెలతో పాత చందనం ఒలిచి, వరాహ నరసింహుల ఉమ్మడి రూపాన్ని బయటికి తెస్తారు. మళ్లీ రాత్రికి సహస్ర ఘటాభిషేకం చేసి, మూడు మణుగుల చందనంతో కప్పేస్తారు. వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మరో మూడేసి మణుగులు పూస్తారు. అంటే శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ ఒడిశా నుంచీ పిల్లాపాపలతో దిగే అన్నివేల మందికి కలిపి ఉన్నది ఒక పూట పైచిలుకు సమయమే.

మా వాదనంతా ఇక్కడే ఉంది, ఆ ఒక్క రోజు టికెట్లూ పాసులూ తీసేసి అందరికీ ఒక్కటే క్యూ పెట్టాలని. మామూలు రోజున టికెట్ కొన్నవాడు తన సౌకర్యం కొనుక్కుంటున్నాడు, పోనీ అనుకోవచ్చు. చందనోత్సవం నాడు టికెట్ కొన్నా, పాస్ పట్టుకొచ్చినా, పక్క క్యూలో ఉన్నవాడి టైమే తీసుకుంటున్నారు. ఎందుకంటే ఆ టైమ్ పెరిగేది కాదు. గర్భాలయం వాకిలి వెడల్పూ పెరిగేది కాదు. మరి అలాంటి రోజున ఉచిత దర్శనానికో క్యూ, 300 రూపాయలకో క్యూ, 1000 రూపాయలకో క్యూ, ఇవన్నీ చాలవన్నట్టు అంతరాలయానికి పాసులు! అనువంశిక ధర్మకర్తల కుటుంబానికి తొలి దర్శనం తరాలుగా వస్తున్న ఆచారం, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. దాని వెనకే బయల్దేరే కార్ల వరసకి మాత్రం ఏ ఆచారమూ లేదు. "ఫలానా సారు గారి తాలూకా" అని ఒకరు చెవిలో చెబుతారు, పక్క గేటు తెరుచుకుంటుంది, అర్ధరాత్రి నుంచి చంకలో పిల్లాడితో నిలబడ్డ అమ్మ అది చూస్తూ ఉంటుంది. ఆవిడ స్వామిని చూడటానికి వచ్చింది కాబట్టి ఏమీ అనదు. అనదు కదా అని ప్రతి ఏడాదీ అదే నడిపించేస్తున్నారు.

2025 ఏప్రిల్ 30, చందనోత్సవం నాటి తెల్లవారుజామున ఏం జరిగిందో ఎవరూ మర్చిపోయి ఉండరు. వాన పడింది, అప్పటికి కొద్దిరోజుల కిందటే కట్టిన గోడ 300 రూపాయల క్యూలో ఉన్నవాళ్ల మీద కూలింది, ఏడుగురు చనిపోయారు. కమిషన్ వేశారు, అధికారుల్ని సస్పెండ్ చేశారు, కుటుంబాలకి 25 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. గోడ ఎందుకు కూలిందన్నది ఇంజినీర్ల పని, పునాదీ పిల్లర్లూ నీళ్లు పోయే దారీ లేకుండా కొండవాలులో హడావిడిగా లేపిన గోడ నిలవదని తాపీమేస్త్రి కూడా చెప్పగలడు. మేం అడుగుతున్నది దాని వెనక ఉన్న ప్రశ్న. ఆ హడావిడి ఎందుకొచ్చింది? చందనోత్సవం ఏ తిథికి వస్తుందో పంచాంగంలో ఏడాది ముందే ఉంటుంది. అయినా ఏర్పాట్లు చివరి రెండు వారాల్లోనే మొదలవుతాయి, సమీక్షల్లో సగం పొద్దు ప్రోటోకాల్‌కే పోతుంది, ఎవరు ఏ గేటు నుంచి, ఎవరి కారు ఎక్కడిదాకా. మామూలు జనం నిలబడే చోటు సంగతి ఆఖర్న వస్తుంది.

ఇదే స్వామికి ఇంకో పండగ ఉంది, ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. తొలిపావంచా దగ్గర మొదలుపెట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, హనుమంతువాక, అప్పుఘర్, కంచరపాలెం, ఎన్‌ఏడీ మీదుగా మళ్లీ కొండ కిందకి, రాత్రంతా నడక. లక్షల మంది. టికెట్ లేదు, బ్రేక్ దర్శనం లేదు, కలెక్టర్ నడిచినా కూలీ నడిచినా కాళ్లకి బొబ్బలొకటే. దారి పొడుగునా కాలనీల వాళ్లు టేబుళ్లు వేసుకుని మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు పంచుతుంటారు, నడిచేవాళ్ల పాదాలకి నొప్పి తగ్గే నూనె రాసి పంపేవాళ్లని కూడా చూస్తాం. ఇబ్బందులు లేవనటం లేదు. ఆడవాళ్లకి మరుగుదొడ్లు చాలవు, తెల్లారేసరికి రోడ్లన్నీ పేపర్ ప్లేట్లు (అది మన జనం తప్పే, దేవస్థానం మీదకి నెట్టలేం). కానీ నగరం మొత్తం ఆ రాత్రి ఒకే క్యూలో ఉంటుంది కాబట్టి, ఆ క్యూ బాగోగులు అందరికీ పడతాయి. పెద్దవాళ్లకి పక్కదారి ఉన్నచోట జనం దారిని పట్టించుకునే నాథుడు ఉండడు.

టికెట్లు తీసేస్తే దేవస్థానం ఆదాయం పోతుందంటారు. ఏడాదిలో ఒక్క రోజు గురించి మాట్లాడుతున్నాం, మిగతా రోజుల టికెట్ల జోలికి మేం పోవటం లేదు. టికెట్ లేకపోతే జనాన్ని ఆపలేం అనే మాట కూడా వింటున్నాం. ఆపడానికి టికెట్ ధర పనికొస్తుందంటే అర్థం, డబ్బు లేనివాణ్ణే ఆపుతున్నామని. జనాన్ని అదుపులో పెట్టాలంటే గంటల వారీగా ఉచిత టోకెన్లు ఇవ్వండి. అదీ ఒకేచోట కౌంటర్లు పెట్టి కాదు, 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గరే తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి ఊళ్లల్లోనే వారం ముందు నుంచి ఇస్తే, తన టైమ్ తెలిసిన మనిషి అర్ధరాత్రి వచ్చి కొండ మీద పడిగాపులు పడడు. ముసలివాళ్లకీ వికలాంగులకీ చంటిపిల్లల తల్లులకీ వేరే దారి ఉండాల్సిందే. ఆ దారిలో తెల్లచొక్కాలు దూరకుండా చూడటం ఒక్కటే కష్టం.

ఇక నాయకులకి మా మాట. పట్టువస్త్రాలు తెచ్చే ఒక్కరు తప్ప మిగతా మంత్రులూ ఎమ్మెల్యేలూ న్యాయమూర్తులూ పెద్ద అధికారులూ ఆ రోజు మానేయండి. మీరు రాకపోతే స్వామి ఏమీ అనుకోడు. వారం తిరక్కుండా రండి, కొత్త చందనం వాసన గుమ్మంలోకే వస్తుంది, అర్చకులు తీరిగ్గా గోత్రం అడిగి పూజ చేస్తారు. నిజరూపమే చూడాలంటారా, టోకెన్ తీసుకుని మెట్ల దారిన రండి, ఎవరూ కాదనరు.

వచ్చే చందనోత్సవానికైనా ఒక పని మొదలుపెట్టండి. ఎన్ని పాసులు ఇచ్చారు, ఏ ఆఫీసు నుంచి ఎవరి సిఫార్సు మీద ఇచ్చారు అన్నది ఆ మర్నాడే దేవస్థానం నోటీసు బోర్డులోనూ వెబ్‌సైట్‌లోనూ పెట్టండి. ఆ జాబితాలో పత్రికలవాళ్ల పాసులు కూడా ఉండాలి, మా పేపర్ పేరుతో సహా.