చేతికి డబ్బిస్తే రైతు చెడిపోతాడా?

“పేద రైతు చేతికి డబ్బివ్వడం దండగ. తాగుడుకు తగలేస్తాడు, పని మానేస్తాడు, ఊళ్లో ధరలు పెరుగుతాయి, డబ్బు అయిపోగానే మళ్లీ మొదటికే వస్తాడు. చేపను ఇవ్వడం కాదు, చేపలు పట్టడం నేర్పాలి.” కొంచెం అటూ ఇటూగా ఈ మాటలే ఏళ్లుగా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్నాయి. మంచి మనసున్నవాళ్లు కూడా ముందూవెనకా చూడకుండా పంపుతున్నారు. అందుకే బాధ. ఇందులోని ప్రతి ఆరోపణనూ పరిశోధకులు పల్లెల్లోకి వెళ్లి, సాయం అందిన కుటుంబాలనూ అందని కుటుంబాలనూ పోల్చి, కొలిచి చూశారు. ఏం తేలిందో చూద్దాం.

ముందు ఎవరి గురించి మాట్లాడుతున్నామో అనుకుందాం. ఎకరమో రెండెకరాలో చెక్క. వాన పడితేనే పంట. పండిన గింజల్లో ఎక్కువ భాగం ఇంటి తిండికే. అమ్మేది కొద్దిగా, అదీ లాభం చూసి కాదు, అప్పు తీర్చడానికో మందులు కొనడానికో. ప్రపంచంలో కోట్లాది కుటుంబాల సేద్యం ఇదే.

“తాగుడుకు తగలేస్తాడు”

దీనికి జవాబు చిన్నది. ప్రపంచ బ్యాంకు తరఫున డేవిడ్ ఎవాన్స్, అన్నా పోపోవా 2014లో దీని మీదే ఒక సమీక్ష చేశారు. లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆసియాల్లో నగదు సాయానికీ మద్యం, పొగాకు ఖర్చుకీ ఉన్న సంబంధాన్ని లెక్కగట్టిన 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. దాదాపు అన్నిచోట్లా ఆ ఖర్చు పెరగలేదు. కొన్నిచోట్ల తగ్గింది కూడా. తాగే రైతే లేడని ఎవరూ అనడం లేదు. తాగేవాడు సాయం రాకముందూ తాగుతున్నాడు. సాయం వల్ల తాగుడు పెరిగిందా అన్నదే ప్రశ్న, పెరగలేదన్నదే జవాబు.

“పని మానేస్తాడు”

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఈ ఆరోపణలో ఉన్నంత అపార్థం మిగతా వాటిలో లేదు.

అభిజిత్ బెనర్జీ, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు ఆరు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన ఏడు నగదు పథకాల సమాచారాన్ని తిరిగి పరిశీలించి 2017లో ప్రచురించారు. మెక్సికో, ఇండోనేసియా, మొరాకో, ఫిలిప్పీన్స్, హోండురాస్, నికరాగువా. సాయం వల్ల జనం పని తగ్గించుకున్నారనడానికి ఎక్కడా స్థిరమైన ఆధారం దొరకలేదు.

కానీ చిన్న రైతు నిజంగానే తగ్గించే పని ఒకటుంది. ఎదుటివాడి పొలంలో కూలి. అది ఎందుకు తగ్గిస్తాడో తెలిస్తే ఈ చర్చంతా వేరేగా కనిపిస్తుంది.

కిందటి పంట గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా ఇంటికి రాని నెలలు కొన్ని ఉంటాయి. ఇంట్లో తిండికి కటకటలాడే రోజులు అవే, పొలంలో కలుపు తీయాల్సిన రోజులూ అవే. సొంత చేను పిలుస్తుంటుంది, పిల్లల ఆకలి కూడా పిలుస్తుంటుంది. ఆకలిదే గెలుపు. జాంబియా, మలావీల్లో ‘గన్యూ’ అనే రోజుకూలికి రైతులు పోయేది ఇలాంటప్పుడే. ఇతరుల చేలో కలుపు తీసి ఆ పూట గింజలు తెచ్చుకుంటారు. ఈలోగా సొంత చేలో కలుపు బలుస్తుంది, దిగుబడి పడిపోతుంది. మరుసటి ఏడు గింజలు ఇంకొంచెం ముందే అయిపోతాయి, ఇంకొంచెం ముందే కూలికి పోవాలి. ఇందులో బద్ధకం ఎక్కడుంది? రెక్కలు ముక్కలు చేసుకుంటున్నా కిందికే జారిపోతున్న మనిషి కనిపిస్తున్నాడు.

జాంబియా తూర్పు ప్రాంతంలో గుంథర్ ఫింక్, కెల్సీ జాక్, ఫీలిక్స్ మసియే సరిగ్గా దీన్నే పరీక్షించారు. ఆకలి నెలల్లో రైతు కుటుంబాలకు కొంత డబ్బో మొక్కజొన్న గింజలో అందేలా చూశారు. అది ఉచితం కాదు, కోత అయ్యాక తీర్చాల్సిన అప్పు. అయినా ఆ కుటుంబాలు బయటి కూలి తగ్గించి సొంత పొలం చూసుకున్నాయి, పంట పెరిగింది. కూలికి వచ్చేవాళ్లు తగ్గడంతో ఆ ఊళ్లలో కూలి రేట్లు కూడా పెరిగాయి. 2020లో ఈ ఫలితాలు వచ్చాయి. మలావీలోని మ్చింజి జిల్లాలో నిరుపేద కుటుంబాలకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చిన నగదు విషయంలోనూ ఇదే కనిపించింది. పెద్దలు గన్యూ తగ్గించారు, ఇంట్లో పనిముట్లు, పశువులు పెరిగాయి, బయటి పనికి పోయే పిల్లలు తగ్గారు.

దూరం నుంచి చూసేవాడికి “కూలికి రావడం మానేశాడు” అనిపిస్తుంది. ముఖ్యంగా కూలివాళ్లు దొరకని ఆసామికి. ఆ రైతు మాత్రం తన చేలో వంగి కలుపు తీస్తున్నాడు.

కోత తరువాత కూడా ఇదే కథ. పంట అందరిదీ ఒకేసారి కల్లానికి వస్తుంది కనుక అప్పుడే ధర అడుగంటుతుంది. అప్పు, పిల్లల ఫీజు అప్పుడే నెత్తి మీద కూర్చుంటాయి. అయినకాడికి అమ్ముకుంటాడు. కొన్ని నెలలకు అవే గింజలను హెచ్చు ధరకు కొనుక్కుంటాడు. పశ్చిమ కెన్యాలో మార్షల్ బర్క్, లారెన్ బెర్‌క్విస్ట్, ఎడ్వర్డ్ మిగెల్ చేసిన ప్రయోగంలో కోత సమయానికి చిన్న అప్పు దొరికిన రైతులు గింజలు దాచుకుని, ధర పెరిగాక అమ్మారు. ధర ఎప్పుడు పెరుగుతుందో ఆ రైతులకు తెలియక కాదు, అంతవరకూ ఆగే శక్తి లేక.

ఈ సందేశం రాసినవాళ్లకు అందనిది ఇదేనని నా నమ్మకం. చేతిలో పడ్డ డబ్బుతో రైతు ఏ వస్తువు కొన్నాడో వాళ్లు చూస్తారు. అతడు మొదట కొనుక్కునేది వ్యవధిని. అదును దాటకముందే విత్తడం, మేకను తెగనమ్మకుండా నెల రోజులు ఆపుకోవడం, ధర వచ్చేదాకా ఆగడం. ఇవి ఏ ఖర్చుల పట్టీలోనూ కనిపించవు.

“ఊళ్లో ధరలు పెరుగుతాయి”

న్యాయమైన అనుమానమే. దీన్ని తేల్చడానికి కెన్యాలోని సియాయా కౌంటీలో పెద్ద ప్రయోగం జరిగింది. గివ్‌డైరెక్ట్‌లీ సంస్థ 10,500కు పైగా పేద కుటుంబాలకు తలా సుమారు 1,000 డాలర్లు ఫోన్ ఖాతాల ద్వారా పంపింది. ప్రయోగంలో ఉన్న పల్లెలు 653. వచ్చిపడిన సొమ్ము ఆ ప్రాంతపు వార్షిక ఉత్పత్తిలో 15 శాతం పైమాటే. ధరలు భగ్గుమనాలి కదా? సగటున 0.1 శాతం పెరిగాయి. పైగా సాయం అందని ఇళ్ల ఆదాయం, ఖర్చు కూడా పెరిగాయి, ఎందుకంటే అందినవాళ్లు ఖర్చు పెట్టింది పక్కింటి వడ్రంగి దగ్గర, ఊరి కొట్టులోనే. ఒక డాలరు సాయానికి స్థానికంగా రెండున్నర డాలర్ల ఆర్థిక కార్యకలాపం నడిచిందని 2022లో ప్రచురించిన లెక్క.

అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని చెప్పను. ఫిలిప్పీన్స్‌లో మారుమూల పల్లెల్లో సాయం వచ్చాక గుడ్ల వంటి త్వరగా పాడైపోయే ఆహారం ధర పెరిగింది, సాయం అందని ఇళ్లలో పిల్లల ఎదుగుదల దెబ్బతింది. సరుకు రావడానికి దారి లేని చోట, ఊళ్లో చాలామందికి డబ్బు అందితే మిగిలినవాళ్లకు నష్టం జరగొచ్చు. దానికి చేయాల్సింది ఆ మిగిలినవాళ్లనూ కలుపుకోవడం, దారి వేయడం. పేదవాడికి డబ్బు ఆపేయడం కాదు.

“మళ్లీ మొదటికే వస్తాడు”

మెక్సికోలో నగదు అందుకున్న గ్రామీణ కుటుంబాలు ప్రతి పెసోలో (అక్కడి రూపాయి) 74 సెంటావోలు (పైసలు) ఇంటి అవసరాలకు వాడి, మిగిలినది పెట్టుబడిగా పెట్టాయి. పిల్లల్ని బడికి పంపాలి, ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలి అన్న షరతులున్నాయి గానీ, వచ్చిన డబ్బు దేనికి వాడాలన్న షరతు లేదు. కెన్యాలోని రరియెడాలో యోహానెస్ హౌస్‌హోఫర్, జెరెమీ షాపిరో 2016లో ప్రచురించిన అధ్యయనంలో డబ్బులో చెప్పుకోదగ్గ భాగం వెళ్లింది పశువులకూ, గడ్డికప్పు తీసి వేసుకున్న రేకులకూ. రేకుల్ని సోకు అనుకునేవాళ్లుంటారు. గడ్డికప్పును మాటిమాటికీ మార్చాలి, ప్రతిసారీ ఖర్చు, ప్రతి వానకూ తడిసే గింజలు. ఆ ఖర్చు తప్పడమే ఒక ఆదాయం. నెలనెలా అందితే తిండికి నిశ్చింత పెరిగిందనీ, ఒకేసారి అందితే రేకుల వంటి నిలిచే వస్తువులు కొన్నారనీ అదే అధ్యయనం చెబుతోంది.

ఎల్లకాలం నిలుస్తుందా? ఉత్తర ఉగాండాలో యువతకిచ్చిన గ్రాంటుతో నాలుగేళ్లకు సంపాదన 38 శాతం పెరిగింది. తొమ్మిదేళ్లకు చూస్తే, సాయం అందనివాళ్లు కూడా సంపాదనలో వాళ్లను అందుకున్నారు. అంటే అందినవాళ్లు కిందికి పడలేదు, అందనివాళ్లు పైకి వచ్చారు. ఒక పేద కుటుంబానికి కొన్నేళ్లు ముందుగా ఊపిరాడడం చిన్న విషయమని నేననుకోను.

“చేపలు పట్టడం నేర్పాలి”

ఎవరికి నేర్పాలి? తన నేల పదును కాలితో తొక్కి చెప్పగలిగినవాడికా? కొత్త విత్తనం, కొత్త పద్ధతి చెప్పేవాళ్లు కావాలి, కాదనను. కానీ విన్నది ఆచరించడానికి ఎరువు కొనాలి, అది కొనడానికి డబ్బు కావాలి.

ఈ నినాదం కంటే పదునైన విమర్శ ఒకటుంది. దానికి తల వంచుతాను. ఉత్తర ఘనాలో కొందరు రైతులకు నగదు, కొందరికి వాన బీమా (వాన తప్పితే పరిహారం వచ్చేది) ఇచ్చి చూస్తే, సేద్యం మీద పెట్టుబడిని ఎక్కువ పెంచింది బీమాయే. వాన ముఖం చాటేస్తే అంతా పోతుందన్న భయం అక్కడ డబ్బు కొరత కంటే బరువైనది. నగదుతో పాటు బీమా కూడా అడగాలని దీనర్థం.

వాదించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. విత్తే ముందు అందాల్సిన సొమ్ము కలుపు దాటాక ఎందుకు వస్తోంది? భూమి పత్రం చూసి ఇచ్చే చోట, ఇంకొకరి భూమిని కౌలుకు దున్నేవాడి గతేమిటి? పొలం పనిలో పెద్ద భాగం మోసే ఆడమనిషి పేరున ఖాతా ఉందా? ఈ ప్రశ్నలు వేసే సందేశం ఎవరైనా రాస్తే, నేనూ పదిమందికి పంపుతాను.