సవరణ: కెమెరా కంపెనీ వాటా, పసుపు లైటు లెక్క

‘ట్రాఫిక్ కెమెరాలు నడిపే కంపెనీకి ప్రతి చలానాలోనూ వాటా ఉంటుంది’ అని గత పోస్టులో ఉన్న వాక్యం అన్ని ఒప్పందాలకూ వర్తించదు. చలానాకు ఇంత అని ఇచ్చేది ఒక పద్ధతి, కెమెరాకు నెలకు ఇంత అని అద్దె ఇచ్చేది ఇంకొకటి. అమెరికాలోని కాలిఫోర్నియా చట్టం మొదటిదాన్ని నిషేధించింది.

అద్దె అనగానే నిశ్చింతగా ఉండకండి. ‘వసూలైన జరిమానాలకు మించి నగరం చెల్లించనక్కర్లేదు’ అనే షరతు ఉందేమో చూడండి. ఉంటే, చలానాలు తగ్గిన నెలలో కంపెనీకి అద్దె పూర్తిగా రాదు. పాత లెక్కే దొడ్డిదారిన వచ్చినట్టు.

పసుపు లైటు ఎక్కడైనా 3 సెకన్లు చాలన్నదీ సరికాదు. దాని నిడివి లెక్క ఇదీ: డ్రైవరు స్పందనకు 1 సెకను. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో దాన్ని 6.1తో భాగించి అందులో కలపాలి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు, కాబట్టి మొత్తం 3.7 సెకన్లు. ఇది చదునైన రోడ్డుకు. పల్లం ఉంటే ఇంకా పెంచాలి. గంటకు 60 కిలోమీటర్ల రోడ్డులో 3 సెకన్లే పెడితే, వేగ పరిమితిలోనే వస్తున్న మనిషి కూడా కొంత దూరంలో ఇరుక్కుపోతాడు: మామూలు బ్రేకుతో ఆగలేడు, ఎర్ర లైటు పడేలోపు కూడలి ముందున్న గీత దాటలేడు. అందుకే చలానాలో ముందు చూడాల్సింది, ఎర్ర లైటు పడ్డాక ఎంతసేపటికి గీత దాటారన్నది. సెకనులో చిన్న భాగమే ఉన్న చలానాలు ఒకే కూడలిలో గుట్టగా పడుతుంటే, పసుపు లైటు నిడివి కొలిపించమని అడగండి.