చార్టర్ స్కూల్ "నూటికి నూరు" మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఇది నాలుగోసారి, ఈసారి పంపింది మా పెద్దమ్మ కొడుకే, ఇంక ఊరుకోలేక రాస్తున్నా. ఆ మెసేజ్‌లో ఉన్నది ఇదీ: అమెరికాలో చార్టర్ స్కూళ్ళకి (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే స్కూళ్ళు) ఫీజు లేదు, లాటరీయే తప్ప సెలెక్షన్ లేదు, అయినా నూటికి నూరు మంది కాలేజీకి వెళ్తారు, మధ్యలో మానేసేవాళ్ళు కష్టపడలేని పిల్లలు, వాటిల్లో పేదపిల్లలూ చాలామందే చదువుతారు.

ఫీజు లేదు, నిజమే. లాటరీ కూడా నిజమే, కాకపోతే అప్లై చేసినవాళ్ళకే లాటరీ, బస్సు లేని స్కూలుకి రోజూ రెండుసార్లు కారు తిప్పలేని తల్లి అసలు అప్లైయే చెయ్యదు. అంతే, ముందుకెళ్దాం.

నూటికి నూరు అన్నది చూద్దాం. న్యూయార్క్‌లో సక్సెస్ అకాడమీ అనే చార్టర్ స్కూళ్ళ గ్రూపు 2006లో హార్లెంలో మొదలైనప్పుడు ఒకటో క్లాసులో 73 మంది. 2018లో వాళ్ళ మొదటి హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చింది, 16 మంది. ఆ 16 మందికీ కాలేజీ సీట్లొచ్చాయి, అదే నూటికి నూరు! కొందరు ఇల్లు మారుంటారు, కొందరు వేరే మంచి హైస్కూల్‌కి వెళ్ళుంటారు, ఒప్పుకుంటా. పేదల పేటల్లో మామూలు స్కూళ్ళ నుంచీ పిల్లలు బోలెడంత మంది వెళ్ళిపోతారు. కానీ మామూలు స్కూల్ ఏ క్లాసులో ఎవరొచ్చినా చేర్చుకోవాలి, సక్సెస్ అకాడమీ వాళ్ళు అప్పట్లో నాలుగో క్లాసు దాటాక కొత్తవాళ్ళని తీసుకునేవాళ్ళు కాదు. అందుకే పై క్లాసులకి వెళ్ళేకొద్దీ బ్యాచ్ చిన్నదైపోయింది. యూఎస్ న్యూస్ పత్రిక స్కూళ్ళకిచ్చే ర్యాంకుల్లో కాలేజ్ రెడీనెస్ (పిల్లలు కాలేజీకి ఎంత తయారయ్యారు అన్న) లెక్క కూడా 12వ క్లాసులో మిగిలినవాళ్ళ మీదే, తొమ్మిదిలో వెళ్ళిపోయిన పిల్ల అందులో ఎక్కడా కనపడదు.

ఇక "కష్టపడలేని పిల్లలు". ఈ మాట రాసినవాడికి సిగ్గుండాలి. అదే సక్సెస్ అకాడమీలో ఒక బ్రాంచి ప్రిన్సిపాల్ దగ్గర 16 మంది పిల్లల పేర్లతో "వీళ్ళు వెళ్ళిపోవాలి" అనే లిస్టు ఉందని 2015లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. చిన్న పిల్లలండీ వాళ్ళు! అలాంటి పిల్లాడి అమ్మని స్కూలుకి పదేపదే పిలిచి, ఉద్యోగం మానుకునేదాకా తెచ్చి, చివరికి ఆవిడే టీసీ అడిగితే అది పిల్లాడి సోమరితనమా? స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరమైన పిల్లాణ్ణి చార్టర్ స్కూల్ కూడా చేర్చుకోవాలనే చట్టం చెప్తోంది. రేపు మన ఇంట్లో పిల్లాడికే ఆ అవసరం పడితే వాణ్ణీ ఇలాగే అంటారా?

పేదపిల్లల విషయంలో నేనూ ఇన్నాళ్ళూ తప్పు చెప్పా. స్కూళ్ళ లెక్కల్లో ఫ్రీ లంచ్ కాలమ్‌లో (ప్రభుత్వ ఉచిత భోజనానికి అర్హులైన పేదపిల్లల సంఖ్య) సున్నా చూసి "ఒక్క పేదపిల్లా లేదు" అని వాదించా. లంచ్ ప్రోగ్రామ్‌లో చేరని స్కూలుకి ఆ కాలమ్ సున్నానో ఖాళీనో వస్తుంది, దాన్ని బట్టి అటూ చెప్పలేం ఇటూ చెప్పలేం. ఇంకోటి, సక్సెస్ అకాడమీలో ఎక్కువమంది పేద నల్లజాతి, హిస్పానిక్ పిల్లలే, ఉన్నవాళ్ళకి లెక్కల్లో వస్తున్న మార్కులు చాలా గొప్పవి, అది కాదనను.

అన్నయ్యా, క్లాసువారీ ఎన్‌రోల్‌మెంట్ ప్రతి స్కూలుకీ ఎన్‌సీఈఎస్ (అమెరికా ప్రభుత్వ విద్యా గణాంకాల సంస్థ) సైట్లో ఉచితంగా దొరుకుతుంది. ఈ ఏడాది ఐదో క్లాసునీ ఈ ఏడాది పన్నెండో క్లాసునీ పక్కపక్కన పెట్టి చూడకు, స్కూల్ కొత్తగా పెరుగుతుంటే మోసపోతావ్, ఏడేళ్ళ కిందటి ఐదుతో ఇప్పటి పన్నెండుని చూడు. బాబుని వెయ్యాలనుకుంటున్న స్కూల్ పేరు పంపు, ఆ అంకెలు ఈ రాత్రికే నేను తీసిస్తా.